కాలువ గట్టు మీద పదిహేను నెలలు

(ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ జీవితం మీద చేసిన ప్రసంగ పాఠం)

వందనాలు. చర్చికి వెళ్ళేవాళ్ళతో పాటు ఎక్కడికీ వెళ్ళనివాళ్ళు కూడా కొందరు కూర్చున్నట్టున్నారు, అందుకని నమస్కారాలు కూడా.

క్లౌ దొర మీద మాట్లాడమన్నారు. ఆ పేరు చివరి అక్షరాన్ని ఇంగ్లీషువాళ్ళు ఇంకోలా పలుకుతారు గానీ మన తాతల నోట్లో క్లౌ దొరగా స్థిరపడిపోయింది, నేనూ అలాగే అంటాను. ఆయన పేరెత్తితే చాలు, ఒంగోలు చుట్టుపక్కల సంఘాల్లో ఎవరైనా ఒక అంకె చెబుతారు. 2,222. 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో, ఒక్క రోజున బాప్తిస్మం పొందినవాళ్ళ లెక్క అది. చిన్నప్పుడు సండే స్కూల్లో మా చేత ఎక్కాల్లాగా వల్లె వేయించారు.

ఆ అంకె చెప్పేసి నేను దిగిపోవచ్చు. కానీ ఇవాళ దాని ముందరి పదిహేను నెలల గురించి మాట్లాడదామని వచ్చాను. ఆ పదిహేను నెలలూ ఆయన బాప్తిస్మాలు ఆపేశారు. అడిగేవాళ్ళు లేక ఆపలేదు. పల్లెలకు పల్లెలు వచ్చి అడిగాయి. ఆయన ఇవ్వనన్నారు. ఇరవై రెండు వందల పైచిలుకు మందికి ఇచ్చిన రోజు కంటే ఇవ్వనన్న ఆ రోజుల్లోనే ఆ మనిషి నాకు బాగా అర్థమవుతాడు.

అక్కడికి వెళ్ళేముందు కొంత కథ చెప్పాలి. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1836లో మొదలైంది. శామ్యూల్ డే అనే ఆయన వచ్చి, విశాఖపట్నం, శ్రీకాకుళం, మద్రాసు అన్నీ తిరిగి 1840లో నెల్లూరులో కుదురుకున్నారు. 1849లో లైమన్ జ్యూయెట్ గారు తోడయ్యారు. ఏళ్ళకేళ్ళు సంతల్లో, తిరనాళ్ళలో బోధించారు. గుప్పెడు మంది విశ్వాసులు తేలారు. అక్కడ అమెరికాలో చందాలిచ్చేవాళ్ళకు విసుగొచ్చి, ఈ దుకాణం కట్టేద్దామా అన్న చర్చ మూడుసార్లు పెట్టారు. 1848లో ఒకసారి, 1853లో ఒకసారి, 1862లో ఇంకోసారి. 1853లో ఆల్బనీలో జరిగిన సభలో ఎవరో పటం మీద నెల్లూరు దగ్గరున్న ఒకే ఒక్క నక్షత్రం గుర్తు చూపించి మాట్లాడితే, శామ్యూల్ స్మిత్ అనే కవి దాని మీద అప్పటికప్పుడు పద్యం కట్టారు. అప్పట్నుంచి మన మిషన్‌కి ఒంటరి నక్షత్రం అని పేరు పడింది.

మూడోసారి చర్చ వచ్చినప్పుడు జ్యూయెట్ గారు అమెరికాలోనే ఉన్నారు. మీరు పంపినా పంపకపోయినా నేను వెనక్కి వెళతాను, తెలుగువాళ్ళ మధ్యే చచ్చిపోతాను అన్నారట. దానికి మిషన్ కార్యదర్శి, అలాగైతే నిన్ను పాతిపెట్టడానికైనా ఒక మనిషిని తోడు పంపాలి కదయ్యా అన్నారు. ఆ పాతిపెట్టడానికి వచ్చిన మనిషే క్లౌ! 1864 నవంబరు చివర్లో బోస్టన్‌లో ఓడెక్కి, 1865 ఏప్రిల్లో మద్రాసులో దిగారు. అప్పటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్ళు. పుట్టింది 1836లో. మిషన్, ఆయన ఒక ఈడువాళ్ళన్నమాట.

ఒంగోలు కొండ సంగతి మీకు తెలుసు. 1854 జనవరి 1న తెల్లవారుజామున జ్యూయెట్ దంపతులు, క్రిస్టియన్ నర్సు అనే బోధకుడు, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు స్త్రీలు, మొత్తం ఐదుగురు ఆ కొండెక్కి ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థన చేశారు. బొమ్మలు వేసేవాళ్ళు జ్యూయెట్ గారిని ముందు నిలబెట్టి మిగతావాళ్ళను వెనక్కి నెడతారు. ఆ ఐదుగురిలో ముగ్గురు మనవాళ్ళని పిల్లలకు చెప్పండి.

సరే, క్లౌ. న్యూయార్కు రాష్ట్రంలో పుట్టి, అయోవాలో పెరిగిన రైతు కుటుంబపు కుర్రాడు. కాలేజీ గడప తొక్కకముందు మిన్నెసోటా అడవుల్లో సర్వేయర్ల దగ్గర పనిచేశాడు. గొలుసు పట్టుకుని భూమి కొలవడం, గుడారాల్లో పడుకోవడం, కూలీల చేత పని చేయించడం, ఇవన్నీ అక్కడ నేర్చుకున్నాడు. ఈ విద్య మనసులో పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. వేదాంతం తెలిసిన మిషనరీలు చాలామంది వచ్చారు గానీ మట్టిపని కొలతలు తెలిసినవాళ్ళు ఎంతమంది?

నెల్లూరులో ఏడాదిన్నర తెలుగు నేర్చుకుని, 1866 సెప్టెంబరులో కాపురం ఒంగోలుకు మార్చారు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం పెట్టారు. ఆయన రాకముందే ఆయన కోసం ఒక మనిషి ఎదురుచూస్తున్నాడు. యర్రగుంట్ల పేరయ్య గారు. ఒంగోలుకు పడమటగా నలభై మైళ్ళ దూరంలో తాళ్లకొండపాడు. మాదిగవారు, తోళ్ళ వ్యాపారం చేసేవారు. పాత మిషన్ రాతల్లో ఆయన్ని మొదటి మాదిగ విశ్వాసి అని రాసి వదిలేస్తారు. అది సరిపోదు. రాజయోగ సాధన చేసి, శిష్యులను సంపాదించుకున్న గురువు ఆయన. తోళ్ళ బేరానికి ఏలూరు వైపు వెళ్ళినప్పుడు క్రీస్తు సంగతి విని, మనసుకు పట్టి, ఒంగోలుకు ఒక దొర వస్తాడట అని తెలుసుకుని కనిపెట్టుకుని ఉన్నారు. 1866లోనే జ్యూయెట్, క్లౌ ఇద్దరూ ఉండగా బాప్తిస్మం పొందారు. ఆ తర్వాత పేరయ్య గారు, ఆయన భార్య నాగమ్మ గారు తమవాళ్ళలో పని మొదలెట్టారు. 1867 జనవరిలో క్లౌ తాళ్లకొండపాడు వెళ్ళేసరికి జనం చుట్టుపక్కల పల్లెల నుంచి నాలుగైదు రోజులకు సరిపడా తిండి మూటగట్టుకుని వచ్చి కూర్చుని ఉన్నారు. అక్కడ 28 మందికి బాప్తిస్మం ఇచ్చారు. దున్నింది ఎవరు, విత్తింది ఎవరు, కోతకు వచ్చింది ఎవరు అన్నది మీరే ఆలోచించుకోండి.

ఇక్కడే ఆయనకు మొదటి పెద్ద పరీక్ష ఎదురైంది. ఒంగోలులో బ్రాహ్మణులు, ఇతర పై కులాలవాళ్ళు క్లౌ దగ్గరికి మర్యాదగా వస్తున్నారు. పిల్లలను బడికి పంపుతున్నారు. అప్పటి మిషన్ల లెక్క ప్రకారం పైవాళ్ళను పట్టుకుంటే కిందివాళ్ళు వాళ్ళే వస్తారు. ఈ మాదిగలను చేర్చుకుంటే మేము రాము అని ఊరి పెద్దలు చెప్పేశారు. క్లౌ తన గదిలో బైబిలు తెరిస్తే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం కనబడింది, లోకంలో ఘనులను కాక నీచులైనవారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న చోటు. ఇంకో గదిలో ఆయన భార్య హ్యారియెట్ గారికీ అదే వాక్యం దొరికిందట. ఇద్దరూ దాన్ని దేవుని మాటగా తీసుకున్నారు. పై కులాల పిల్లలు బడి మానేశారు. మీరు దాన్ని అద్భుతం అనుకున్నా, ఇద్దరూ అప్పటికే మనసులో తేల్చుకున్న మాటకు ఆధారం వెతుక్కున్నారనుకున్నా నాకు పేచీ లేదు. తేల్చుకున్నది మాత్రం తేల్చుకున్నారు, ఆ తర్వాత వెనక్కి చూడలేదు.

చేరేవాళ్ళకు ఆయన పెట్టిన షరతులు మూడు. ఆదివారం పనిచేయొద్దు. చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు. విగ్రహాలకు మొక్కొద్దు. వినడానికి మూడు చిన్న మాటలు. కానీ ఆ రోజుల్లో మాదిగవాడి బతుకేమిటి? ఊళ్ళో గొడ్డు చస్తే ఈడ్చుకుపోవాలి, తోలు తీయాలి, చెప్పులు కుట్టాలి, మోట బొక్కెనలు కుట్టివ్వాలి, జాతరలో డప్పు కొట్టాలి. కరణం పిలిచినా మునసబు పిలిచినా వెట్టికి పోవాలి. దానికి ప్రతిఫలంగా కళ్ళంలో కాసిని గింజలు, చచ్చిన గొడ్డు మాంసం. ఈ మూడు మాటల్లో ఏ ఒక్కటి పాటించినా ఊరితో తగాదా తప్పదు. డప్పు కొట్టనన్నవాడికి గింజలు ఆగిపోయాయి, ఆదివారం పనికి రానన్నవాడి మీద దొంగ కేసులు పడ్డాయి, బావి మూసుకుపోయింది. కులం గోడను పగలగొట్టడానికి ఆయన ఉపన్యాసాలేమీ చెప్పలేదు. వారానికి ఒక రోజు నీది అన్నారు, అంతే. వెట్టి మనిషికి ఒక రోజు సొంతమైతే ఊళ్ళో ఏం జరుగుతుందో ఆయనకు మొదట్లో తెలుసా అంటే, తెలియదనే నా అనుమానం. ఆయనకు తెలియనిది పేరయ్య గారికి తెలిసే ఉంటుంది.

ఇంకో సంగతి. అమెరికాలో బాప్టిస్టు అంటే ఒక్కొక్క మనిషీ తనంతట తాను నిర్ణయించుకుని రావాలి. ఇక్కడ మాదిగపల్లెలో నిర్ణయాలన్నీ పెద్దల దగ్గర, చెట్టు కింద, అందరూ కూర్చుని జరుగుతాయి. మొదట క్లౌకి ఇది మింగుడు పడలేదు. రానురాను పెద్దలతో కూర్చోవడం నేర్చుకున్నారు. మూడు నెలలకొకసారి బోధకులందరూ ఒంగోలు వచ్చి తమ తమ పల్లెల సంగతులు చెప్పేవాళ్ళు. నడిపిందంతా వాళ్ళే. ఆయన్ని నేను దేవుణ్ణి చేయబోవడం లేదు. బంగళాలో ఉన్న దొరే, తన మాట నెగ్గించుకునే మనిషే, అమెరికాకు రాసే ఉత్తరాల్లో అంకెలంటే ఆయనకూ ఇష్టమే. కానీ పల్లె తనను మార్చడానికి కొంచెం చోటిచ్చిన దొర.

ఇప్పుడు కరువు. 1876లో రెండు వానలూ మోసం చేశాయి. మనవాళ్ళు ధాత కరువు అనేది దాన్నే. మద్రాసు రాజధాని అంతటా 1878 దాకా లాగింది, లక్షల్లో చచ్చిపోయారు. అప్పుడు ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. కరువులో ముందు పడిపోయేది ఎవరు? భూమి లేనివాడు, కళ్ళం దగ్గర గింజలకు చేయి చాచేవాడు. రైతుకే లేనప్పుడు మాదిగకు ఎక్కడ పెడతాడు? గొడ్లు చచ్చాయి, తోళ్ళకు కొనేవాడు లేడు.

ప్రభుత్వం కరువు పనులు పెట్టింది. మన తీరం వెంబడి మద్రాసు వైపు నుంచి పెద గంజాం దాకా ఉప్పునీటి కాలువ ఉంది చూశారా, బకింగ్‌హామ్ కాలువ, అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూకు పేరు పెట్టారు, దాని తవ్వకం కరువు పనుల్లో ఒకటి. ఉప్పు, వంటచెరకు, ధాన్యం పడవల మీద మద్రాసు చేర్చాలన్నది దాని ఉద్దేశం. పనైతే ఉంది. కానీ మాదిగలు వెళితే అక్కడి ఓవర్సీర్లు, మేస్త్రీలు అందరూ పై కులాలవాళ్ళు. చెడ్డ చోట మట్టి వీళ్ళకిచ్చేవాళ్ళు, కూలి కోసేవాళ్ళు, తిట్టి తరిమేవాళ్ళు. పని ఉన్నచోట కూడా వీళ్ళకు ఆకలే.

అప్పుడు క్లౌ ఏం చేశారంటే, తానే కంట్రాక్టు తీసుకున్నారు. మూడున్నర మైళ్ళ కాలువ. మిన్నెసోటా గొలుసు ఇక్కడ పనికొచ్చింది. ప్రభుత్వ ఇంజినీరుతో కొలతల భాష మాట్లాడగలరు, తవ్విన మట్టికి ఎంత రావాలో లెక్క కట్టగలరు, మోసం జరిగితే పట్టుకోగలరు. తాటాకు పాకలు వేయించారు. మంచినీళ్ళ కోసం బావులు తవ్వించారు. సముద్రపు గట్టున మంచినీళ్ళు దొరకడం ఎంత కష్టమో కొత్తపట్నం వైపువాళ్ళను అడగండి. మేస్త్రీలుగా ఎవరిని పెట్టారంటే తన బోధకులను. ఒక్కో బోధకుడి కింద కొంతమంది కూలీలు. ఇంతకుముందు పల్లెల్లో వాక్యం చెప్పినవాడే ఇప్పుడు గుంట కొలిచి కూలి లెక్క రాస్తున్నాడు.

ఆ గట్టు ఎలా ఉండి ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి. ఎముకల గూళ్ళలాగా వచ్చినవాళ్ళు, దారిలో పిల్లలను పోగొట్టుకుని వచ్చినవాళ్ళు. కొందరు కూలి డబ్బు చేతికందక ముందే పడిపోయారు. కలరా వచ్చింది. పొద్దున్నుంచి గడ్డపార, తట్ట. మధ్యాహ్నం చెట్టు నీడ కూడా లేని చోట కాసేపు కూర్చుంటే బోధకుడు వచ్చి ఒక మాట చెప్పేవాడు. ఎక్కువసార్లు చెప్పింది మత్తయి సువార్తలో మాట, ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నాయొద్దకు రండి. మనం ఇవాళ దాన్ని గోడల మీద చిత్రపటాల కింద చదువుతాం. తల మీద తట్ట దించి, వీపు పగిలిన మనిషి ఆ మాట వింటే అది ఇంకో మాట. ఆ వాక్యానికి ఆ గట్టు మీద దొరికినంత అర్థం మన ప్రసంగ వేదికల మీద ఎప్పుడూ దొరకలేదని నా అభిప్రాయం.

వాళ్ళు బాప్తిస్మం అడగడం మొదలెట్టింది అక్కడే. ఒక పల్లె, రెండు పల్లెలు, పది పల్లెలు. దొరా, మేము నమ్ముతున్నాం అన్నారు. క్లౌ ఇప్పుడు కాదన్నారు.

ఎందుకన్నారో చెప్పడం తేలిక. గంజి కోసం చేరారని లోకం అంటుంది, రేపు వానలు పడితే వీళ్ళే వెనక్కి పోతారు, అందుకని ఆగమన్నారు. చేసి చూపించడం తేలిక కాదు. అమెరికాలో డబ్బిచ్చేవాళ్ళు అంకెల కోసం కాచుకుని ఉన్నారు. మూడుసార్లు మూసేద్దామనుకున్న మిషన్ ఇది. చేయి చాస్తే వేలమంది. కరువు డబ్బు ఆయన చేతుల మీదుగా నడుస్తున్నంత కాలం, అంటే పదిహేను నెలలు, ఆయన కాదంటూనే ఉన్నారు. ఆ మధ్యలో వాళ్ళలో ఎంతమంది బాప్తిస్మం లేకుండానే చచ్చిపోయారో! ఆ కాలపు మిషనరీకి అది చిన్న భారం కాదు.

1878లో వానలు కురిశాయి. కరువు పని అయిపోయింది. జూన్‌లో ఆయన బోధకులకు కబురు పెట్టారు, నిజంగా నమ్మినవాళ్ళను వెల్లంపల్లికి తీసుకురండి, కూలి కోసం, సాయం కోసం అయితే మాత్రం ఎవరూ రావొద్దు, ఇక పైసా లేదు అని. వచ్చారు. గుండ్లకమ్మ ఒడ్డున చెట్ల కింద దిగారు. ఆయన మళ్ళీ అడిగారు, నా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు, మీరు వెళ్ళిపోండి అన్నారు. మాకు డబ్బు వద్దు, చేతులు కాయలు కాచి ఉన్నాయి, పని చేసుకుని బతుకుతాం, చచ్చేముందు బాప్తిస్మం ఇవ్వండి అన్నారు వాళ్ళు.

జూలై 2న 614 మంది. 3న 2,222. 4న 700. మూడు రోజులకు 3,536. ఆ ఏడాది జూన్ 16 నుంచి డిసెంబరు ఆఖరు దాకా 9,606. ఒంగోలు సంఘం సభ్యుల లెక్క పన్నెండు వేలు దాటింది. లోకంలో అంత పెద్ద బాప్టిస్టు సంఘం అప్పట్లో ఇంకెక్కడా లేదు.

ఒక్క రోజులో అంతమందిని ముంచడం సాధ్యమా అని అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతారు. బాప్టిస్టులం కదా, నీళ్ళు చిలకరించి ఊరుకోం, మనిషిని పూర్తిగా ముంచాలి. లెక్క వేద్దాం. ఆరుగురు బోధకులు, ఒకసారికి ఇద్దరు నీళ్ళలో, వాళ్ళు అలిసిపోతే ఇంకో ఇద్దరు. ఒడ్డు మీద ఒకరు పేర్లు చదువుతుంటారు. పొద్దున ఆరింటి నుంచి మధ్యలో విరామం పోను తొమ్మిది గంటల పని. నీళ్ళలో ఉన్న రెండు చోట్లా ఒక్కో చోట 1,111 మంది. మనిషికి అర నిమిషం పడుతుంది. తొందర లేకుండా సరిపోతుంది. అపొస్తలుల కాలంలో, అంటే క్రీస్తు తొలి శిష్యుల కాలంలో, పెంతెకొస్తు పండుగ నాడు మూడు వేలమందిని ముంచడం కుదరదని వాదించేవాళ్ళకు అమెరికాలో బాప్టిస్టులు వెల్లంపల్లి లెక్క చూపించి నోరు మూయించారు. మన గుండ్లకమ్మ వాళ్ళ వేదాంత తగాదాలో సాక్ష్యానికి పోయిందన్నమాట.

ప్రసంగానికి ముందు బయట టీ తాగుతుంటే ఒక తమ్ముడు నన్ను సూటిగా అడిగాడు. సార్, ఎంత చెప్పినా తిండి పెట్టినాయన వెంటే కదా వెళ్ళారు? అని. మంచి ప్రశ్న. సంఘాల్లో దీనికి చెప్పే జవాబు తేదీల జవాబు. తిండి ఉన్నప్పుడు ఇవ్వలేదు, తిండి ఆగిపోయాక ఇచ్చాడు, అయినా వచ్చారు, కాబట్టి తిండి కోసం కాదు అని. అది నిజమే, నేనూ చెబుతాను. కానీ దాంతో నాకు పూర్తిగా తృప్తి లేదు తమ్ముడూ. ఊరు ఊరంతా నీ నీడ తగలకూడదంటున్నప్పుడు, కరువు పనిలో కూడా నీ కూలి కోసేస్తున్నప్పుడు, ఒకడు వచ్చి నీ గుంటను సరిగ్గా కొలిచాడు. నీ కులం మనిషినే నీ మీద మేస్త్రీగా పెట్టాడు. పూర్తి కూలి నీ చేతిలో పెట్టాడు. ఆ మనిషి చెప్పే దేవుడి మీద నమ్మకం కలగడానికి అది చాలదా? కడుపు ఒక పక్క, విశ్వాసం ఒక పక్క అని గీత గీసుకునే సౌకర్యం కడుపు నిండినవాళ్ళకే ఉంటుంది. ఆ గీతను గౌరవించి పదిహేను నెలలు ఆగిన క్లౌని నేను మెచ్చుకుంటాను. ఆ గీత దగ్గర నిలబడి పదిహేను నెలలు అడుగుతూనే ఉన్నవాళ్ళను ఇంకాస్త ఎక్కువ మెచ్చుకుంటాను.

తర్వాతి సంగతులు గబగబా చెప్పేస్తాను. ఇన్ని వేలమందికి కాపరులెవరు? 1872లో సముద్రపు ఒడ్డున రామాయపట్నంలో పెట్టిన సెమినరీ, అంటే బోధకులకు చదువు చెప్పే బడి, ఉంది కాబట్టి బోధకులు తయారయ్యారు. పల్లె బడులు వచ్చాయి. 1890 డిసెంబరు 28న ఒంగోలులో మరో 1,671 మందికి ఒకే రోజు బాప్తిస్మం ఇచ్చారు. హ్యారియెట్ గారు 1893లో పోయారు. మరుసటి ఏడాది ఎమ్మా రౌషెన్‌బుష్ గారితో పెళ్ళయింది. మాదిగల బతుకుల గురించి, పేరయ్య గారి గురించి శ్రద్ధగా విని రాసిపెట్టింది ఆవిడే. ఆవిడ లేకపోతే పేరయ్య గారి గురువుల సంగతి మనకెవరికీ తెలిసేది కాదు. 1910 నవంబరు 24న రాచెస్టర్‌లో క్లౌ గారు కన్నుమూశారు. పాతిపెట్టడానికి తోడు వచ్చిన మనిషి నలభై అయిదేళ్ళు పనిచేసి వెళ్ళిపోయాడు.

ఆఖరుగా ఒకటి చెప్పి దిగుతాను. వెల్లంపల్లి బొమ్మ ఎక్కడ గీసినా నీళ్ళలో తెల్ల గడ్డపు దొర నిలబడి ఉంటాడు, ఎదురుగా చేతులు జోడించిన జనం. ఆ బొమ్మ తప్పు. అప్పటికి ఆయనకు ఇంకా నలభై రెండేళ్ళు కూడా నిండలేదు, గడ్డం తెల్లబడే వయసు కాదు. అదొక్కటే అయితే నేను పట్టించుకునేవాణ్ణి కాదు. ఆ రోజు నీళ్ళలో దిగిన ఆరుగురూ తెలుగు బోధకులు. ఆ ఏప్రిల్లోనే ఇరవై నాలుగైదు మందిని సేవకు ప్రతిష్ఠించి పెట్టుకున్నారు, ఆ పని వాళ్ళదేనని. 2,222 మందిలో క్లౌ తన చేతులతో ముంచినవాడు ఒక్కడూ లేడు. ఆయన ఒడ్డు మీద ఉన్నారు.